రిపోర్టులో ఆ ఒక్క అంకె దగ్గరే ఆగిపోకండి

ఇక్కడ అమెరికాలో పిల్లలకి చదవడంలోనో రాయడంలోనో ఇబ్బంది ఉందనిపిస్తే స్కూల్ సైకాలజిస్ట్ పరీక్షలు పెట్టి, బోలెడు పేజీల రిపోర్టు చేతిలో పెడతారు. అందులో మనవాళ్లు చాలామంది ముందు వెతికేది ఐక్యూ. అది వంద దాటితే "మావాడు తెలివైనవాడే, కాస్త బద్ధకం, అంతే" అని ఊపిరి పీల్చుకుంటారు. దాటకపోతే రిపోర్టు బీరువాలోకి పోతుంది, ఇండియాలో ఉన్న అమ్మమ్మకి కూడా చెప్పరు. ఈ రెండు పద్ధతులూ పిల్లలకి మేలు చెయ్యవు. నన్నడిగితే, ఇలాంటి పిల్లల విషయంలో రిపోర్టు మొత్తానికీ తక్కువ పనికొచ్చేది తరచుగా ఆ అంకే.

ఇక్కడి స్కూళ్లలో ఎక్కువగా వాడే పిల్లల ఐక్యూ పరీక్ష విస్క్-5నే తీసుకోండి. సగటు 100. మూడింట రెండొంతుల మంది పిల్లలు 85కీ 115కీ మధ్యలో ఉంటారు. నాలుగో తరగతి పాప ఒకరికి మాటలతో ఆలోచించి చెప్పడంలో 124, తర్కంలో 115, వర్కింగ్ మెమరీలో (విన్నదీ చూసిందీ కాసేపు మనసులో పట్టుకుని వాడుకోవడం) 88, ప్రాసెసింగ్ స్పీడులో (తేలిక పనులు ఎంత వేగంగా చేస్తారన్నది) 76 వచ్చాయనుకుందాం. ఐక్యూ వీటి మామూలు సగటు కాదు, మాటలకీ తర్కానికీ బరువు ఎక్కువ కాబట్టి అన్నీ కలిపి లెక్కగడితే 108 చుట్టుపక్కల తేలుతుంది. చూడ్డానికి బాగానే ఉంది. కానీ 124 అంటే తన వయసు పిల్లల్లో దాదాపు 95 శాతం మంది కంటే పైన ఉన్నట్టు. 76 అంటే 90 శాతానికి పైగా తన కంటే ముందున్నట్టు. ఈ అమ్మాయి క్లాసులో అందరికన్నా ముందు చెయ్యెత్తి జవాబు చెబుతుంది. అదే జవాబు రాయమంటే బెల్లు కొట్టేసరికి రెండు వాక్యాలు కూడా పూర్తికావు. "శ్రద్ధ పెట్టడం లేదు" అని టీచరు రాస్తారు, ఇంట్లో మనం అదే పాట అందుకుంటాం. 108 అనే పిల్ల అసలు ఎక్కడా లేదు. 124 పిల్లా 76 పిల్లా ఒకే కుర్చీలో కూర్చుని హోంవర్క్ చేస్తున్నారు. తేడాలు ఇంతగా ఉన్నప్పుడు మొత్తం స్కోరుని ఆచితూచి చూడాలని సైకాలజిస్టులే రిపోర్టులో రాస్తుంటారు. ఆ పేరా ఎవరూ చదవరు.

ఇలాంటి పిల్లకి వారాంతంలో ఇంకో ట్యూషన్, రోజూ ఇంకో నాలుగు వర్క్‌షీట్లు అంటే అది శిక్షే. కావలసింది పరీక్షలో ఎక్కువ టైము, చేత్తో రాసే బదులు టైప్ చేసే వీలు, ఇరవై లెక్కలకి బదులు పది, బోర్డు మీదవన్నీ దించుకోకుండా నోట్సు కాపీ.

పర్సెంటైల్ సంగతి ఇంకోటి. మనకి ఆ మాట వింటే జేఈఈ గుర్తొస్తుంది. అక్కడ 90 వచ్చినా పెద్ద కాలేజీల్లో సీటు రాదు కాబట్టి, ఇక్కడ పిల్ల రిపోర్టులో 40 కనిపిస్తే టెన్షన్ మొదలు. ఈ పరీక్షల్లో 40వ పర్సెంటైల్ అంటే తన వయసు పిల్లలు వందమందిలో నలభై మంది కంటే పైన ఉన్నట్టు, సగటు 100గా వేసే స్కోరులో (స్టాండర్డ్ స్కోరు) అది 96. మామూలే. గ్రేడ్ ఈక్వివలెంట్ (స్కోరుని తరగతి లెక్కలో చెప్పేది) అనే గడిని మాత్రం నేనైతే చూడను. అందులో 6.2 ఉందని పాప ఆరో తరగతి పాఠాలు చదివేస్తుందని కాదు.

రెండు మూడు పాయింట్లు అటూ ఇటూ అయితే పట్టించుకోనక్కర్లేదు. ప్రతి స్కోరు పక్కనా అసలు స్కోరు ఎంత నుంచి ఎంత దాకా ఉండొచ్చో ఒక రేంజి వేస్తారు, దాన్ని చూడండి. చదవడంలో మూడేళ్ల కిందట 92 ఉన్నది ఇప్పుడు 80కి దిగితే మాత్రం పట్టించుకోవాలి. వచ్చింది మర్చిపోయిందని కాదు, తను ఒక అడుగు వేసేలోపు తోటిపిల్లలు రెండడుగులు వేస్తున్నారని. ఇస్తున్న సాయం చాలడం లేదన్నమాట.

ఇంట్లో తెలుగు మానేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. రెండు భాషల వల్ల డిస్లెక్సియా (చదవడంలో పుట్టుకతో వచ్చే ఇబ్బంది) రాదు. కాకపోతే ఇంగ్లిష్ పదజాలం మీద పెట్టే పరీక్షలో స్కోరు కాస్త తగ్గే అవకాశం ఉంది కాబట్టి, ఇంట్లో ఏ భాష మాట్లాడతారో పరీక్షకి ముందే సైకాలజిస్టుకి చెప్పాలి. ఒక్క పరీక్షనే పట్టుకుని తీర్పు చెప్పకూడదని ఐడియా (IDEA) అనే ప్రత్యేక విద్య ఫెడరల్ చట్టంలోనే ఉంది.

"మార్కులు బాగానే ఉన్నాయిగా, ఐఈపీ ఎందుకు?" అని స్కూలు అనొచ్చు. ఐఈపీ అంటే ఆ పిల్ల కోసం స్కూలు రాసే ప్రత్యేక విద్యా ప్రణాళిక. మనవాళ్లకి మొహమాటం, తలూపి వచ్చేస్తారు. పైతరగతికి పాసవుతున్నా సరే, అవసరమైన పిల్లలకి ప్రత్యేక విద్య ఇవ్వాల్సిందేనని ఫెడరల్ నిబంధన. స్కూలు చేసిన పరీక్షలతో ఏకీభవించకపోతే బయటివాళ్లతో మళ్లీ చేయించమని అడగొచ్చు. అప్పుడు స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ఊరి స్కూళ్లని నడిపే సంస్థ) ఆ ఖర్చయినా పెట్టుకోవాలి, లేదా తమ పరీక్షలు సరైనవేనని హియరింగుకి వెళ్లి నిరూపించుకోవాలి. ఈ కోరిక నోటిమాటగా కాకుండా ఈమెయిల్లో పెట్టండి. ఐఈపీ మీటింగులో ఈ స్కోర్ల వల్ల పిల్ల చదువులో ఏం మారాలో వివరించగలిగిన మనిషి ఒకరు ఉండి తీరాలి. ఆ మనిషి ఎవరో మీటింగు మొదట్లోనే అడగండి, వాళ్లని ఒక్కో స్కోరూ పట్టుకుని "దీనికి క్లాసులో ఏం చేస్తారు?" అని అడుగుతూ పొండి.