అప్‌డేట్‌ పగ్గం ఎవరి చేతిలో?

ప్రతి నెలా రెండో మంగళవారం మైక్రోసాఫ్ట్‌ విండోస్‌లోని లోపాలను పూడ్చే భద్రతా ప్యాచ్‌లను విడుదల చేస్తుంది. మన గడియారంలో అప్పటికి రాత్రి పదిన్నర, చలికాలమైతే పదకొండున్నర అవుతుంది. ఆ రెండో మంగళవారం పదో తేదీన పడిన నెలల్లో మర్నాడే నెలవారీ జీఎస్టీఆర్‌-1 (అమ్మకాల వివరాల రిటర్ను) దాఖలుకు ఆఖరు రోజు. ఏ పట్టణంలోనైనా పన్నుల పని చూసే చిన్న ఆఫీసును ఆ బుధవారం ఉదయం ఊహించుకోండి. డిజిటల్‌ సంతకం టోకెన్‌ గుచ్చి ఉంటుంది, ఎదుట కుర్చీలో బట్టల కొట్టు యజమాని బిల్లుల కట్టతో కూర్చుని ఉంటాడు, తెర మీద మాత్రం అప్‌డేట్‌ జరుగుతోందని, కంప్యూటర్‌ను ఆపవద్దని చెప్పే నీలిరంగు పేజీలో అంకె 35 శాతం దగ్గర కదలకుండా నిలిచి ఉంటుంది. ఆ సాయంత్రమే సిస్టంలు బాగుచేసే కుర్రాడికి కబురు వెళ్తుంది. అతడు వచ్చి సర్వీసుల జాబితా తెరిచి విండోస్‌ అప్‌డేట్‌ను డిజేబుల్‌ చేసి, రెండు వందలు తీసుకుని వెళ్లిపోతాడు. ఆ క్షణం నుంచి వందలాది వ్యాపారుల లెక్కలున్న ఆ యంత్రానికి భద్రతా ప్యాచ్‌లు ఆగిపోతాయి. ఆ సంగతి ఆఫీసులో ఎవరికీ గుర్తుండదు.

అప్‌డేట్‌ను ఆపించిన యజమానిని అజ్ఞాని అని తీసిపారేయడం తేలిక. అతడి అపనమ్మకానికి మాత్రం చరిత్ర ఉంది. 2015 జులై 29న విండోస్‌ 10 వచ్చాక, పాత వెర్షన్లు వాడుతున్నవారిని ఉచితంగా అందులోకి మార్చడానికి మైక్రోసాఫ్ట్‌ ఎంత తొందరపడిందంటే, 2016 మే నాటికి ఆ ప్రకటన పెట్టెను మూసేందుకు ఇంటూ గుర్తు నొక్కినా అప్‌గ్రేడ్‌కు ఒప్పుకున్నట్లే లెక్కగట్టింది. వద్దని నొక్కితే సరేనని రాసుకునే యంత్రాన్ని ఎవరు నమ్ముతారు? 2018 అక్టోబరులో వచ్చిన పెద్ద అప్‌డేట్‌ కొందరి సొంత ఫైళ్లనే తుడిచిపెట్టడంతో కొద్దిరోజుల్లోనే దాన్ని నిలిపివేయాల్సి వచ్చింది. 2021లో ప్రింటర్‌ సర్వీసులో బయటపడిన ప్రింట్‌నైట్‌మేర్‌ లోపాన్ని పూడ్చడానికి ఇచ్చిన ప్యాచ్‌లు, నెట్‌వర్క్‌ ప్రింటర్లున్న ఎన్నో ఆఫీసుల్లో ముద్రణనే ఆపేశాయి. బిల్లు ప్రింటు రాని దుకాణంలో భద్రత గురించి ఉపన్యాసం ఎవరూ వినరు.

అయినా ప్యాచ్‌ వేయకపోతే ఏమవుతుందో 2017 మే 12న ప్రపంచం చూసింది. వాన్నాక్రై అనే బందిపోటు ప్రోగ్రాం దాదాపు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లకు తాళం వేసి సొమ్ము అడిగింది. బ్రిటన్‌ ప్రభుత్వ ఆస్పత్రుల్లో శస్త్రచికిత్సలు వాయిదా పడ్డాయి. మన ఆంధ్రప్రదేశ్‌ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. ఆ రంధ్రాన్ని పూడ్చే ప్యాచ్‌ అంతకు రెండు నెలల ముందే, మార్చి 14న, విడుదలై ఉంది. మందు వీధి చివర దుకాణంలోనే ఉన్నా తెచ్చి వేసుకోని రోగి కథ ఇది.

ప్యాచ్‌ అంటే ప్యాచే, వచ్చిందే తడవుగా అన్నిటికీ ఒకేసారి వేసెయ్యాలనే వారికి 2024 జులై 19 సమాధానం చెప్పింది. క్రౌడ్‌స్ట్రైక్‌ సంస్థ తన భద్రతా సాఫ్ట్‌వేర్‌కు పంపిన ఒక లోపభూయిష్ఠ ఫైలు సుమారు 85 లక్షల విండోస్‌ యంత్రాలను కుప్పకూల్చింది. ఆ రోజు శంషాబాద్‌ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్‌ పాసులు చేత్తో రాసిచ్చారు. కాపలాకు పెట్టుకున్నవాడే తలుపుకు అడ్డంగా పడిపోయిన వైనం అది. ముందు కొద్ది యంత్రాల మీద చూసి, తర్వాత మిగతావాటికి పంపి ఉంటే నష్టం అంత దూరం వెళ్లేది కాదు.

ఇక టెలిమెట్రీ. కంప్యూటర్‌ ఎలా పనిచేస్తోంది, ఏ డ్రైవర్‌ ఎక్కడ కూలింది, ఏ ప్రోగ్రాం ఎంతసేపు నడిచింది అనే సమాచారాన్ని యంత్రం తనంతట తానే తయారీదారుకు పంపడాన్ని ఈ పేరుతో పిలుస్తారు. దీనంతటినీ గూఢచర్యమని కొట్టిపారేయడం సరికాదని మా అభిప్రాయం. ఫలానా ప్రింటర్‌ డ్రైవర్‌ ఉన్న యంత్రాల్లో కొత్త వెర్షన్‌ బెడిసికొడుతోందని తెలిసేది, వాటికి అప్‌గ్రేడ్‌ తాత్కాలికంగా ఆపగలిగేది ఈ సమాచారంతోనే. పేచీ దాని హద్దుల గురించే. తప్పనిసరి సమాచారానికి మించి పంపేందుకు ఒప్పుకునే ఐచ్ఛిక స్థాయిని ఎంచుకున్నప్పుడు, ప్రోగ్రాం కూలిన క్షణంలో మెమరీలో ఉన్న ముక్కలు కూడా వెళ్లవచ్చు. వాటిలో ఆ సమయంలో తెరిచి ఉన్న పత్రంలోని భాగాలు అనుకోకుండా చేరే వీలుందని మైక్రోసాఫ్ట్‌ పత్రాలే చెబుతున్నాయి. ఆ పత్రం రోగి రిపోర్టు కావచ్చు, కక్షిదారు వాంగ్మూలం కావచ్చు. ఫ్రాన్స్‌ గోప్యతా నియంత్రణ సంస్థ 2016 జులైలో విండోస్‌ 10 మితిమీరి సమాచారం సేకరిస్తోందంటూ మైక్రోసాఫ్ట్‌కు నోటీసు ఇచ్చింది. ఆ ఒత్తిడి తర్వాత మీటలు స్పష్టపడ్డాయి, ఏం వెళ్తోందో చూసుకునే వ్యూయర్‌ కూడా వచ్చింది.

మాకు మింగుడుపడనిది మరొకటి ఉంది. ఈ టెలిమెట్రీ సమాచారాన్ని పూర్తిగా ఆపే పాలసీ, అంటే అమరిక, విండోస్‌ ఎంటర్‌ప్రైజ్‌, ఎడ్యుకేషన్‌, సర్వర్‌ ఎడిషన్లలోనే పనిచేస్తుంది. చిన్న ఆఫీసులు వాడే ప్రో ఎడిషన్‌లో అదే పాలసీని సున్నాకు తిప్పినా, యంత్రం దాన్ని తప్పనిసరి స్థాయిగానే తీసుకుంటుంది. వెయ్యి కంప్యూటర్లున్న హైటెక్‌ సిటీ కంపెనీకి దక్కే హక్కు, నాలుగు కంప్యూటర్లున్న గుంటూరు మిర్చి కమీషన్‌ వ్యాపారికి దక్కదు. గోప్యతను ఇలా ధర కట్టి అమ్మడం వల్ల జరిగేదేమిటంటే, దొరకని మీట కోసం జనం ఊరూపేరూ లేని సైట్ల నుంచి టెలిమెట్రీ ఆపే స్క్రిప్టులు దించుకుని అడ్మినిస్ట్రేటర్‌ హోదాలో నడుపుతారు. ఆ స్క్రిప్టు కొన్నిసార్లు టెలిమెట్రీతో పాటు అప్‌డేట్‌నూ, విండోస్‌తో వచ్చే యాంటీవైరస్‌ డిఫెండర్‌నూ కలిపి ఆపేస్తుంది. రెడ్‌మండ్‌లోని మైక్రోసాఫ్ట్‌కు కొన్ని వివరాలు వెళ్తాయన్న భయంతో ఇంటి తాళంచెవులు దారినపోయే వాడి చేతిలో పెట్టినట్లవుతుంది. భద్రతా ప్యాచ్‌, కొత్త సొగసుల అప్‌గ్రేడ్‌, సమాచార సేకరణ, ఈ మూడింటినీ ఒకే మూటగట్టి అమ్మినందువల్లే ఈ దుస్థితి. మొదటిదాన్ని అందరికీ ఇవ్వాలి. తక్కిన రెండింటి నిర్ణయం, ఎడిషన్‌ ఏదైనా, యంత్రం కొన్నవారిదే కావాలి.

2025 అక్టోబరు 14తో విండోస్‌ 10కు సాధారణ మద్దతు ముగిసింది. విండోస్‌ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్‌, ఇంటెల్‌లోనైతే సుమారుగా ఎనిమిదో తరం ప్రాసెసర్‌ ఉండాలి కాబట్టి, టాలీ, ప్రింటరు చక్కగా నడుస్తున్న ఎన్నో యంత్రాలు ఒక్క రోజులో పనికిరానివి అయ్యాయి. సంస్థలు పొడిగింపు ప్యాచ్‌లు కొనుక్కోవచ్చు. యంత్రానికి మొదటి ఏడాది 61 డాలర్లు, తర్వాత ఏటా రెట్టింపు. మూడేళ్లకు 427 డాలర్లు, అంటే ముప్పై అయిదు వేల రూపాయలు దాటుతుంది. ఆ సొమ్ముకు చిన్న ఆఫీసుకు సరిపడే కొత్త కంప్యూటరే వస్తుంది. రెండో ఏట చేరినా మొదటి ఏటి రుసుమూ కట్టాల్సిందే కనుక, ఒకటో ఏడాదికి మించి పొడిగింపు మీద ఆధారపడటం తెలివైన బేరం కాదు. బ్రౌజర్‌తోనే పని గడిచే కంప్యూటర్లను లినక్స్‌కు మార్చుకోవడం నామోషీ ఏమీ కాదు. మన రక్షణ శాఖే 2023లో ఉబుంటు అనే లినక్స్‌ ఆధారంగా చేసిన ‘మాయా’ ఆపరేటింగ్‌ సిస్టంను ఎంచుకుంది.

గడువు, దశలు చెప్పి మార్పు చేయించడం సాధ్యమేనని రిజర్వు బ్యాంకు ఒకసారి చూపింది. మద్దతు లేని విండోస్‌ ఎక్స్‌పీతో నడుస్తున్న ఏటీఎంలను 2018 సెప్టెంబరుకల్లా పాతిక శాతం, డిసెంబరుకు సగం, 2019 జూన్‌కు మొత్తం మార్చాలని బ్యాంకులకు చెప్పింది. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లోనే మద్దతు ఆగిపోయిందన్నది వేరే సంగతి. చిన్న ఆఫీసుకు కావలసిందీ ఆ పద్ధతే, కాస్త చిన్న ఎత్తున. ప్యాచ్‌ ముందుగా ఒక కంప్యూటర్‌కు వేసి, దాని మీద బిల్లు, ప్రింటు, డిజిటల్‌ సంతకం మూడూ చూసుకుని, వారం లోపల మిగతావాటికి వేయాలి. ప్రో ఎడిషన్‌లోనే నెలవారీ ప్యాచ్‌ను 30 రోజుల దాకా, పెద్ద అప్‌గ్రేడ్‌ను ఏడాది దాకా వాయిదా వేసే పాలసీలున్నాయి. సర్వీసును చంపాల్సిన అవసరం లేదు. డేటా కాపీని విడిగా తీసి పెట్టుకోవడం ఎలాగూ తప్పదు. ఆపే అధికారం ఎవరిదో, మళ్లీ తెరిచే తేదీ ఏదో యజమాని ఒక కాగితం మీద రాసి గోడకు అంటిస్తే, సిస్టం కుర్రాడి ఒక్క క్లిక్కు మీద ఆఫీసు భద్రత వేలాడదు.

ప్రభుత్వం చేయాల్సిందీ ఉంది. డిజిటల్‌ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ప్రధాన బాధ్యతలు 18 నెలల తర్వాత అమల్లోకి వస్తాయి. తగిన భద్రతా చర్యలు తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండవచ్చు. ఆ చట్టం రోగుల వివరాలున్న నర్సింగ్‌ హోమ్‌ను జవాబుదారీ చేస్తుంది. అదే నర్సింగ్‌ హోమ్‌ యంత్రంలో టెలిమెట్రీ మీటను పనిచేయకుండా ఉంచిన తయారీదారును కూడా కేంద్రం ఇప్పుడే, ఆ 18 నెలలు ముగియకముందే, పిలిచి అడగాలి. రాష్ట్ర ప్రభుత్వాలు తమ కార్యాలయాలకు పిలిచే కంప్యూటర్ల టెండర్లలో భద్రతా ప్యాచ్‌లు ఏ సంవత్సరం వరకు వస్తాయో, ఏ ఎడిషన్‌లో ఏ సమాచారం బయటకు పోతుందో ధర పక్కనే రాయించాలి.