సవరణ: షవర్ దగ్గర ఎపాక్సీ వేస్తే సరిపోదు

షవర్ దగ్గర బూజు పట్టకూడదంటే టైల్స్ సందులు పూడ్చే సిమెంట్ గ్రౌట్ బదులు ఎపాక్సీ గ్రౌట్ (రెజిన్ జిగురుతో చేసేది) వేయించమని పోయిన పోస్టులో రాశాను. ఆ మాటలో మార్పేమీ లేదు. అయితే “వాటర్‌ప్రూఫింగ్ ఖర్చు మిగిలినట్టేనా?” అని కొందరు అడిగారు. మిగలదు. ఎపాక్సీ నీళ్లు పీల్చదు, అంతవరకే. గోడా నేలా కలిసే మూల కాస్త కదిలితే అక్కడ సన్నగా చీలుతుంది. అందుకే టైల్స్ కింద వాటర్‌ప్రూఫ్ కోటింగ్ ఉండాల్సిందే, మూలల్లో సిలికాన్ పట్టించాల్సిందే. నీళ్లు పోయే జాలీ వైపు నేల వాటం అడుగుకు పావు అంగుళం ఉండాలి. మేస్త్రీకి డబ్బులిచ్చే ముందే ఓ బకెట్ నీళ్లు పోసి చూసుకోండి.

ఆ పోస్టులోనే “కడప బండ పరిచినా బాగుంటుంది” అన్న వాక్యానికి మాత్రం ఒక షరతు చేర్చుకోండి. అది సున్నపురాయి. బోరు నీళ్ల తెల్లచారలు పోవాలని మన ఇళ్లలో యాసిడ్ గుమ్మరిస్తారు కదా, దాంతో బండ నునుపు పోయి గరుకెక్కుతుంది. ఆ గరుకులో సబ్బు మడ్డి, మడ్డి మీద బూజు! సిమెంట్ గ్రౌట్‌నూ యాసిడ్ తినేస్తుంది. యాసిడ్ పోసిన చోట బ్లీచింగ్ పౌడర్ అసలే చల్లొద్దు, క్లోరిన్ గ్యాస్ పుడుతుంది.

కడప ఎండలకు బూజేంటి అంటారా? బయట 40 డిగ్రీలున్నా, తలుపేసిన బాత్రూంలో తేమ ఎటు పోతుంది? స్నానమయ్యాక కూడా ఎగ్జాస్ట్ ఫ్యాన్ కాసేపు తిరగనివ్వండి. తలుపు కింద సందుంటేనే ఫ్యాన్ గాలి లాగుతుంది.