సవరణ: దాతలు కట్టిన కోర్టు భవనం, ఆలస్యం ఎక్కడంటే

బెంగళూరు శివార్లలో దాతలు కట్టించిన కోర్టు భవనానికి ఇంకా తాళం తీయలేదని మొన్న రాశాను. మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో దాన్నే "జడ్జీలు తెరవనివ్వట్లేదు" అని తిప్పుతున్నారు. ఆ మాట నా పోస్టులో లేదు, నిజమూ కాదు.

కింది కోర్టుల మీద అజమాయిషీ రాజ్యాంగం 235వ అధికరణం ప్రకారం హైకోర్టుది. డబ్బు, పోస్టులు రాష్ట్ర ప్రభుత్వం ఇవ్వాలి. అక్కడి జడ్జి తనంతట తాను తాళం తీసి కూర్చోలేరు.

స్థలం కూడా దాతలదే అయితే చిక్కు ఇంకా పెద్దది. ఆస్తి బదిలీ చట్టం 123వ సెక్షన్ ప్రకారం దానపత్రం రిజిస్టర్ కావాలి, కనీసం ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి. 122వ సెక్షన్ ప్రకారం దాత బతికుండగానే, ఇవ్వగల స్థితిలో ఉండగానే ఆ దానాన్ని స్వీకరించాలి. దాతలు పెద్ద వయసువాళ్లయితే ఫైలు నత్తనడక నడిచే కొద్దీ నాకు టెన్షన్ పెరిగేది అందుకే.

ఆలస్యం మీద నా కోపం మాత్రం అలాగే ఉంది. పాత కోర్టు బయట కక్షిదారులు కానుగ చెట్టు కింద కాగితాల సంచులు ఒళ్లో పెట్టుకుని వాయిదా పిలుపు కోసం చూస్తున్నారు. కొత్త భవనంలో బెంచీల ప్లాస్టిక్ కవర్లు కూడా విప్పలేదు!

దానపత్రం స్వీకరించారా, ఫైలు ఇప్పుడు ఎవరి దగ్గరుంది అని సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. అర్జీ రాస్తున్నాను, కన్నడలో రాయడం బాగా వచ్చినవాళ్లు సాయం చేయండి.