సవరణ: కిన్మెన్, మత్సు దీవులు ఏ ప్రావిన్సువి?

చైనా తీరాన్ని ఆనుకుని ఉన్న కిన్మెన్, మత్సు దీవులు తైవాన్ ప్రావిన్సులో భాగమని కిందటి పోస్టులో రాశాను. అది తప్పు. వాటిని పాలించేది తైపీ ప్రభుత్వమే (అంటే తైవాన్ ప్రభుత్వమే) అయినా, దాని లెక్కలోనే అవి చైనా తీరంలోని ఫూజియన్ ప్రావిన్సు కిందికి వస్తాయి. తైపీ, బీజింగ్ (చైనా) ప్రభుత్వాల పాలనా విభాగాల జాబితాలను పక్కపక్కన పెట్టి సరిచూశాను.

ఫూజియన్‌లో దాదాపు మొత్తం 1949-50 నుంచి బీజింగ్ చేతిలో ఉంది. తైపీకి మిగిలినవి ఈ కొద్ది దీవులే. అయినా బీజింగ్ కిన్మెన్‌ను చ్వాన్‌జౌ నగరం కింది కౌంటీగా చూపుతుంది, అక్కడ ఒక్క ఊరు కూడా దాని ఏలుబడిలో లేకపోయినా. మత్సు సంగతి మరీ తమాషా. తైపీ దాన్ని ల్యెన్‌జ్యాంగ్ కౌంటీ అంటుంది. ఎదుటి ఒడ్డున బీజింగ్ నడిపే కౌంటీ పేరూ ల్యెన్‌జ్యాంగే!

కిన్మెన్‌లో పేరుకు ఉండిన ఫూజియన్ ప్రావిన్సు ప్రభుత్వ బాధ్యతలు 2018-19లో తైపీలోని కేంద్ర ప్రభుత్వానికి వెళ్ళాయి. రాజ్యాంగపరంగా ప్రావిన్సు మాత్రం రద్దు కాలేదు.

పోస్టులోని పటంలో రంగులు మార్చాను. తైవాన్ జలసంధిలోని పంగ్‌హు దీవులను తైవాన్ ప్రావిన్సులో చూపడం సరైనదే కనుక వాటిని అలాగే ఉంచాను.