నిలువు డ్రాపౌట్ గారికి, జరగమని విన్నపం

అయ్యా,

సైకిల్ వెనక చక్రం ఇరుసు కూర్చునే నిలువు గాడి తమరు. నా ఫ్రేముకి కుడి ఎడమల ద్వారపాలకుల్లా నిలబడ్డారు. గేర్లతో తొక్కినన్నాళ్ళూ మన మధ్య పేచీ లేదు. విజయవాడ కాలవగట్ల మీద తిరిగేవాడికి ఎనిమిది గేర్లెందుకని అన్నీ పీకేసి, వెనక ఒక్క పళ్ళచక్రం మిగుల్చుకున్నాను. తమరి పట్టుదల అప్పుడు బయటపడింది.

గేర్లున్నప్పుడు చైను లూజు సంగతి గేర్లు మార్చే డిరైలర్ స్ప్రింగు చూసుకునేది. అది పోయాక ఇరుసే వెనక్కి జరిగి చైనుని బిర్రు చెయ్యాలి. తమరేమో నిలువు, వెనక్కి జరగనివ్వరు. పల్లెవెలుగు బస్సులో ముగ్గురి సీట్లో నలుగురం సర్దుకుంటాం, తమరు ఒక్క ఇరుసుకి 3 మిల్లీమీటర్ల జాగా ఇవ్వలేకపోయారు!

ఆ 3 ఎక్కడిదంటారా? వెనక ఒక పన్ను పెరిగితే ఇరుసు అంత ముందుకి రావాలి మరి. ముందు 42 పళ్ళు, వెనక 16 పెడితే చైను ఉయ్యాల. 17 పెడితే అసలు ఎక్కనే ఎక్కదు. వారం రోజులు పళ్ళు లెక్కపెట్టాను, పెళ్ళికి జాతకాలు చూసినట్టు. ఆఖరికి 44, 14 కుదిరాయి. మొత్తం అదే 58, కానీ ముందు వెనక పళ్ళ మధ్య తేడా పెరిగితే చైను ఓ వెంట్రుకవాసి ఎక్కువ పడుతుంది. బిర్రెక్కింది. ఫ్లైఓవర్ ఎక్కేసరికి నా మోకాళ్ళూ బిర్రెక్కాయి.

అదైనా ఎన్నాళ్ళు? నాలుగడుగుల చైను అర శాతం అరిగి సాగితే 6 మిల్లీమీటర్లు. ఓ స్పీడ్ బ్రేకర్ మీద ఊడింది. ప్యాంటుకి మసి. చైనుని లాగిపట్టే స్ప్రింగు టెన్షనర్ పెట్టుకోమన్నారు ఎవరో. గేర్లు తీసేసి గేరు తోక తగిలించుకోవడం!

తమరి కన్నా పెద్దవాళ్ళు ఇలా లేరు. టూర్ డి ఫ్రాన్స్‌లో 1937 దాకా డిరైలర్ని రానివ్వలేదు. కొండ వస్తే దిగి, చక్రం తిప్పి రెండోవైపు పళ్ళకి చైను వేసుకునేవారు. వాళ్ళది అడ్డంగా ఉన్న గాడి, అందులో ఇరుసు జరిగేది కనకే సాగింది.

అంత దూరం ఎందుకు, మా తాతయ్య రోడ్‌స్టర్ సైకిల్ చూడండి. గాడి వెనక్కి తెరుచుకుని ఉంటుంది, చివర ఇరుసుని వెనక్కి లాగే చిన్న అడ్జస్టర్. సైకిల్ షాపు బాబాయ్ ఇరుసు నట్లు వదులు చేసి, అడ్జస్టర్ నట్టు రెండు చుట్లు తిప్పి, పెడల్ మెల్లగా తిప్పుతాడు. పళ్ళచక్రం నిఖార్సైన గుండ్రం ఉండదు కదా, బాగా బిర్రుగా ఉన్నచోట ఆపి చైనుని వేలితో నొక్కుతాడు. అరంగుళం ఆడితే "చాల్లే" అంటాడు. ఇంతే పని. చక్రం తియ్యడం మాత్రం చిరాకే, మడ్‌గార్డు అడ్డం. అందుకే పంక్చరైతే ట్యూబు పక్కకి లాగి అక్కడే అతుకేస్తాడు.

తమరి ఫ్రేము ప్రస్తుతం గోడకి ఆనించి ఉంది. నేను తాతయ్యది తొక్కుతున్నాను. అడ్జస్టర్‌లో ఇంకా పది చుట్లు మిగిలాయి.

ఇట్లు,
మసి ప్యాంటువాడు