తాను రాసింది తానే చదవలేకపోవడం నటన కాదు

నల్లగొండ నుంచి అచ్చంపేట దాకా ఫోను గ్రూపుల్లో ఒక సందేశం చక్కర్లు కొడుతోంది. "పక్షవాతం వచ్చినవాళ్లు పేరు రాసి, దాన్ని చదవలేమంటే నమ్మకండి, నటన. నిజంగా చదవలేకపోతే అద్దాలు మార్చండి. మూడు నెలల్లో రాని చదువు ఇక రాదు. ముందు భూమి కాగితాల మీద వేలిముద్రలు వేయించుకోండి."

మొదటి మాటే అన్నిటికన్నా అన్యాయమైనది. ఇలాంటి రోగి గురించి ఫ్రెంచి వైద్యుడు జూల్ దెజెరిన్ 1892లోనే వివరంగా రాశాడు. ఆ మనిషి చెబితే రాసేవాడు, రాసింది చదవలేకపోయేవాడు. అక్షరం ఆకారం మీద వేలు తిప్పితే మాత్రం గుర్తుపట్టేవాడు. ఎడమ మెదడు వెనక భాగంలో చూపును అందుకునే చోటు, కుడి ఎడమ మెదళ్లను కలిపే నరాల కట్ట వెనక కొస దెబ్బతింటే, కుడి మెదడు చూసిన అక్షరం ఎడమవైపున్న భాషా భాగానికి చేరదు. రాయడానికి ఆ దారితో పని లేదు కనుక చెయ్యి ఆగదు. నటించదలచినవాడికి ఇంత వింత లోపం తోస్తుందా? ఎడమ మెదడులోనే, చెవికి పైన కాస్త వెనకగా దెబ్బ తగిలితే చదవడం, రాయడం రెండూ పోవచ్చు. అది వేరే సంగతి.

అద్దాల సంగతి. ఇలాంటివారిలో చాలామందికి కుడివైపు సగం చూపు కూడా పోతుంది, కాబట్టి కంటి పరీక్ష చేయించాల్సిందే. అయితే లోపం కంట్లో లేదు. ఏ పవరు అద్దమూ దాన్ని సరిచేయదు.

మూడు నెలల గడువులో కొంత నిజముంది: తొలి నెలల్లోనే మెరుగుదల వేగంగా ఉంటుంది. తర్వాత నెమ్మదిస్తుంది, ఆగిపోదు. కెనడా నవలాకారుడు హోవర్డ్ ఎంగెల్‌కు 2001లో పక్షవాతం వచ్చి చదవడం పోయింది, రాయడం మిగిలింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సాధన చేసి, ఆ తర్వాత కూడా నవల ప్రచురించాడు. వేలితో అక్షరం దిద్దించడం, ఒకే పేరాను మళ్లీ మళ్లీ పైకి చదివించడం స్పీచ్ థెరపిస్టులు చేయించే పనులే. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మాట, వినికిడి లోపాల కోసం ఉన్న అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది.

ఇక వేలిముద్ర. చదవడం ఒక్కటే పోయినవాడికి వింటే అన్నీ అర్థమవుతాయి. మాట కూడా అర్థం కాని రోగులు వేరే ఉంటారు, ఆ తేడా తేల్చాల్సింది డాక్టరు. పాసుపుస్తకంలోని సర్వే నంబరు, విస్తీర్ణం చదివి వినిపించడానికి ఎంతసేపు పడుతుంది? అదీ చేయకుండా ముద్ర వేయించుకునే తొందర ఎవరిదో ఆ సందేశం పంపినవాళ్లే చెప్పాలి.