ఒక్క మనిషికి పావు బీట్‌రూట్

మా ఇంట్లో ఒక చట్నీ జారు ఉండాది. చిన్నదే. కానీ దాంట్లో మూడు స్పూన్ల సరుకేసి తిప్పితే అది రుబ్బదు, సరుకంతా ఎగిరిపోయి జారు గోడలకి అంటుకోని కూచుంటాది, కింద బ్లేడు మాత్రం ఒంటరిగా గిర్రున తిరుగుతా ఉంటాది. ఒక్క మనిషికి వంట అనే విషయం మీద ఈ దేశంలో ఇంతవరకు ఒక కమిటీ వెయ్యలేదు, ఒక ధర్నా జరగలేదు, అందుకే బాధ్యతగల పౌరుడిగా నేనే పూనుకోవాల్సి వచ్చింది.

సంగతేమంటే, నాకు సుగర్ బార్డర్‌లో ఉందన్నాడు డాక్టరు. బార్డరంటే చిత్తూరోళ్ళకి తమిళనాడు దారిలో నరహరిపేట చెక్‌పోస్టు గుర్తొస్తాది, ఇంకో అడుగేస్తే భాషే మారిపోతాది. ఆయన కూడా అదే టోన్‌లో చెప్పినాడు. "సాయంత్రం నాలుగింటికి ఆకలైతే ఏం తింటారు సార్?" అంటే మిరపకాయ బజ్జీ అన్నా. "ఎన్ని?" అంటే ప్లేటు అన్నా. ఆయన పెన్ను కింద పెట్టేసినాడు. రోజుకి కూరగాయలూ పండ్లూ కలిపి 400 గ్రాములన్నా తినమని, ఉప్పు 5 గ్రాములు దాటొద్దని డబ్ల్యూహెచ్‌ఓ చెప్తా ఉందంట, 5 గ్రాములంటే ఒక టీస్పూను. మా అమ్మ మామిడికాయ ఊరగాయ జాడీలో గరిటె పెట్టి తీస్తే ఆ గరిటెకి అంటుకున్నదే అంత ఉంటాది, ఆ మాట నేను అనలేదు, లోపలే పెట్టుకున్నా. వెజిటబుల్ డిప్ చేసుకోండి, ఒక్కరికి ఎంత కావాలో అంతే చేసుకోండి, మిగలబెట్టుకుంటే మళ్ళీ తింటారు అని చెప్పి పంపించినాడు.

బెంగుళూరులో ఉద్యోగం చేసే మా అక్క కూతురికి ఫోన్ చేస్తే ఐదు నిమిషాల్లో వాట్సాప్‌లో రెసిపీ పెట్టింది. "మామా, మయోనైజ్ జోలికి పోవద్దు, అది నూనె గుడ్డు కలిపి చిలికిందే, నువ్వు హంగ్ కర్డ్ వాడు." గట్టి పెరుగు మూడు స్పూన్లు, ఉడకబెట్టిన బీట్‌రూట్ పావు ముక్క, తెల్లగడ్డ ఒక్క రెబ్బ, మిరియాలు నాలుగు, నిమ్మరసం అర స్పూను, కొత్తిమీర రెండు రెమ్మలు. ముంచుకోవడానికి సగం క్యారెట్టు, సగం కీరా. చదవడానికి ఎంత బాగుందో. సన్యాసి జోలె మాదిరి తేలిగ్గా ఉండాది.

ఆ లిస్టు పట్టుకోని రైతుబజారుకి పోయినా.

"పావు బీట్‌రూట్ ఇయ్యమ్మా" అన్నా. ఆయమ్మ తక్కెడలో పావు కిలో రాయి పెట్టింది. పావు కిలో కాదమ్మా, ఒక బీట్‌రూట్‌లో పావు అన్నా. ఆయమ్మ నన్నొకసారి, నా వెనకాల నిలబడిన జనాన్నొకసారి చూసి, "సామీ, కొండకి పోయొచ్చినావా, ఎండకి పోయొచ్చినావా?" అనింది. తూనికలు కొలతలకి 2009లో చట్టం చేసినారు మనోళ్ళు, గ్రాము తేడా వస్తే కేసు పెట్టొచ్చు, కానీ ఒక బీట్‌రూట్‌ని నాలుగు ముక్కలు చేసి ఒక ముక్క అమ్మమని అడిగే హక్కు అందులో ఎక్కడుందో నాకు కనిపించలేదు. ఇది చట్టంలో పెద్ద లోపం. చివరికి అరకిలో బీట్‌రూట్, అరకిలో క్యారెట్టు, రెండు కీరాలు, చేతిలో పట్టనంత కొత్తిమీర కట్ట, ఊరికే కొసరేసిన కరేపాకు, అరలీటరు పెరుగు ప్యాకెట్టు, తెల్లగడ్డలు పావు కిలో. ఆ ఊపులో టమాటాలు కూడా కిలో తీసుకున్నా, లిస్టులో లేకపోయినా, ఎందుకంటే రేటు తక్కువుండాది. 2023 జులైలో మదనపల్లె మార్కెట్లోనే కిలో దగ్గరదగ్గర 200కి పోయినప్పుడు ఒక్కొక్క టమాటా లెక్కబెట్టి కొన్నోణ్ణి, చవగ్గా కనపడితే నా చెయ్యి ఆగదు. మూడు స్పూన్ల డిప్పు కోసం ఆటోలో వచ్చినా, సంచి మొయ్యలేక.

ఇప్పుడు పెరుగు సంగతి. గుడ్డలో మూటగట్టి నీళ్ళు కారిపోయేదాకా వేలాడగట్టాలంట. ఇంట్లో ఉతికిన తెల్లగుడ్డ దొరకలేదు, పూజ గదిలో కొత్త పసుపు గుడ్డ ఒకటి ఉంటే తీసి, ప్యాకెట్టంతా దాంట్లో పోసి ముడేసి వంటింటి కిటికీ ఊచకి కట్టినా. నాది తెలివితక్కువ పనేమీ కాదు, కానీ తిరుపతిలో చెయ్యాల్సిన పని మాత్రం కాదు. పక్కింటి అత్త కాఫీ పొడి కోసమొచ్చి ఆ మూటని చూసి అట్లే నిలబడిపోయింది. చెప్పులు బయట ఇప్పేసొచ్చి దండం పెట్టుకోనింది. "ముడుపు కట్టినావా నాయనా, ఎంత మొక్కుకున్నావు?" అనింది. నాకు వేరే మాట తోచక "అరలీటరు" అన్నా. ఆమె చెవులకి ఏం వినపడిందో ఏమో, "స్వామి చల్లగా చూస్తాడులే" అని మూటకి కుంకం బొట్టు పెట్టిపోయింది. అంతలో మూట నుంచి బొట్టుబొట్టుగా నీళ్ళు కారతా ఉంటే, ఆమె మనవడు "అవ్వా, ముడుపు ఏడుస్తా ఉండాది" అని వీధంతా చెప్పినాడు. సాయంత్రానికి ఇద్దరు ముగ్గురు నా కష్టమేందో కనుక్కోవడానికి వచ్చినారు.

ఇంకో ఘోరం ఏందంటే మే నెల. తిరుపతిలో మే నెలలో వంటింటి కిటికీకి పెరుగు కట్టడం అంటే, దానికి పులవమని మనమే చెప్పినట్టు. నాలుగు గంటలకే మూట దగ్గర నిలబడితే పళ్ళు జిల్లుమన్నాయి. ఈ రెసిపీలు రాసేవాళ్ళు ఏ ఊర్లో ఉంటారో గానీ కపిలతీర్థం ఎండ వాళ్ళకి తెలీదు. రెండోసారి బుద్ధొచ్చి, జల్లెడలో గుడ్డ పరిచి పెరుగు పోసి, కింద గిన్నె పెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టినా. పొద్దునకి పెరుగు సగానికి సగం దిగి వెన్నముద్ద మాదిరి అయింది. కింద గిన్నెలో పచ్చగా తేరుకున్న నీళ్ళు, వాటిల్లో కూడా ప్రోటీన్ ఉంటాది, పారబొయ్యొద్దు, నేను రాగి సంగటి నీళ్ళలో కలిపేసినా. (చెప్పకపోతే ఇంట్లో ఎవరూ కనుక్కోలేదు. ఇప్పుడు తెలిసిపోతాది.)

పావు బీట్‌రూట్ ఉడకబెట్టడానికి మూడు లీటర్ల కుక్కరు. అది మూడు విజిల్సేసింది, దాని గొంతులో కూడా కొంచెం ఎగతాళి ఉన్నట్టు అనిపించింది నాకు. తరవాత చట్నీ జారు దగ్గరికి వస్తే పైన చెప్పిందే జరిగింది. మూడు స్పూన్లు గోడలకి పోయినాయి. బ్లేడుకి అందాలంటే ఇంకొంచెం పెరుగెయ్యాల, పెరుగెక్కువైతే బీట్‌రూట్ చాలదు, ఇంకో పావు ఉడికించి ఎయ్యాల, అప్పుడు తెల్లగడ్డ చాలదు. ఈ లెక్కకి అంతుండదు. ఒక్క మనిషికని మొదలుపెట్టింది పెద్ద గిన్నెడు అయింది, గులాబీ రంగులో. పక్కింటి మనవడొచ్చి "అంకుల్, రోజ్ మిల్కా?" అని అడిగి, నేను నోరు తెరిచేలోపే గ్లాసు తెచ్చుకున్నాడు.

మా అమ్మ వేలితో ఇంత నాకింది. కాసేపు ఆలోచించింది.

"ఇది పెరుగు పచ్చడి కదరా అబ్బోడా. తిరగవాత ఎయ్యడం మర్చిపోయినావు."

కాదమ్మా, డిప్పు అన్నా. డిప్పంటే ఏందిరా అనింది. ముంచుకోని తినేదమ్మా అన్నా. అప్పుడు ఆమె నన్ను చూసిన చూపు ఉండాదే, రాగి సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి, చిన్న ముక్క తుంచి, ఊరుబిండిలో ముంచి నమలకుండా మింగుతా డెబ్బై ఏళ్ళు బతికిన మనిషికి ముంచుకోవడం గురించి నేను క్లాసు చెప్తా ఉండా. నాకు అప్పుడు వెలిగింది. గ్రీసోళ్ళు పెరుగులో కీరా, తెల్లగడ్డ ఏసి జాట్జికీ అన్నారు, అరబ్బులు శనగలు ఉడకబెట్టి నువ్వుల ముద్ద కలిపి హమ్మస్ అన్నారు, వంకాయ కాల్చి అదే నువ్వుల ముద్దతో మెదిపి బాబాగనూష్ అన్నారు. మనం వంకాయ ఉడకబెట్టి పప్పుగుత్తితో ఎనిపి బజ్జి అన్నాం, అక్కడే దెబ్బ తిన్నాం. ఆ పేరుకి ప్లేటుకి నాలుగు వందలు ఎవురిస్తారు? పైగా కోస్తా నుంచొచ్చినోళ్ళకి వంకాయ బజ్జి పెడతామంటే నూనెలో వేగింది వస్తాదని చూస్తారు, ఎనిపింది రాగానే మొహాలు మాడిపోతాయి. కాబట్టి పేర్లు మార్చాలని నా మొదటి డిమాండు. రెండోది, పావు బీట్‌రూట్ అమ్మకం. మూడోది ఉండాది గానీ అది మిక్సీ కంపెనీలతో తేల్చుకోవాల.

అసలు ఒక్కరికి అనే మాట ఈ ఊరికి పడదేమో. కొండ మీద 1985లో నిత్యాన్నదానం మొదలుపెట్టినప్పటి నుంచి ఆడ వేలల్లోనే లెక్క, తరిగొండ వెంగమాంబ పేరున్న ఆ అన్నప్రసాదం హాల్లో సాంబారు ఒక్కడికి ఎంత పడతాదో ఎవురన్నా గ్రాముల్లో కొలిచినారా? పోనీ లడ్డూ చూడండి. 2009లో దానికి ఈ ఊరి సొంతమని చెప్పే జీఐ ట్యాగు కూడా వచ్చింది, లోకంలో దానికి పోటీ లేదు. అచ్చంగా ఒక్క మనిషి చేతిలో పెట్టేదే, చెయ్యి నిండా సరిపోయేదే. కానీ దాన్ని ఒక్కడే కూచోని తిన్నోణ్ణి ఎవురన్నా చూసినారా? చిటికెడు చిటికెడు చేసి వీధి వీధంతా పంచుతారు, ఆఖర్న తెచ్చినోడికి కాగితానికి అంటుకున్న నెయ్యి మిగులుతాది. ఇట్లాంటి ఊర్లో కూచోని నేను మూడు స్పూన్ల డిప్పు నా ఒక్కడికే చేసుకుంటానంటే ఎట్ల జరుగుతాది.

జరగలేదు. అమ్మ నేను చూడనప్పుడు ఆవాలు, జిలకర, ఎండుమిరక్కాయ, కరేపాకుతో తిరగవాత ఏసేసింది, చెయ్యి చల్లగా ఉండాల, రుచి మాత్రం అప్పుడే వచ్చింది. క్యారెట్టు ముక్కలు రెండు నిమిషాల్లో అయిపోయినాయి, డిప్పు ఇంకా ఉండాది. ఇంకో రెండు క్యారెట్లు కోస్తే డిప్పు అయిపోయింది, క్యారెట్టు మిగిలింది. ఈ రెండూ ఒకేసారి అయిపోయిన ఇల్లు ఉంటే చూపించండి, నేను వచ్చి కాళ్ళకి దండం పెడతా. మధ్యలో పక్కింటి అత్త మురుకుల డబ్బా తెచ్చి నడిమధ్యన పెట్టింది. మురుకు డిప్పులో ముంచితే ఎట్లుంటాదో డాక్టరు చెప్పలేదు, నేను కూడా అడగను. నా వాటాకి సరిగ్గా ఒక స్పూను వచ్చింది, అంటే ఒక విధంగా సింగిల్ సర్వింగ్ అనే మాట నిలబడింది.

ఖర్చు లెక్కేస్తే ఆటోతో కలిపి బజ్జీల ప్లేటు కంటే ఐదారు రెట్లు ఎక్కువే అయింది. ఫ్రిజ్‌లో ఇంకా నాలుగు బీట్‌రూట్లు, ఒక సగం ముక్క, కీరా ఒకటిన్నర ఉండాయి. కావాల్సినోళ్ళు సాయంత్రం నాలుగింటికి రండి, గిన్నె మాత్రం మీదే తెచ్చుకోండి, పసుపు గుడ్డ కనపడితే దండం పెట్టొద్దు.